నమూనా యింజను – అసలు యింజను

బొమ్మ వేఱు, నమూనా వేఱు. బాలుడు అగ్గిపెట్టెలను దారముతో గట్టి లాగునప్పుడు అది వానికి రైలే. అందు తప్పు పట్టవలసినదేమియు లేదు. కాని “ఇది ఫలాని యింజనునకు నమూనా” యని చీటి యంటించి పదిమంది యెదుట నుంచినప్పుడు, ఆ చీటి యొక సాక్ష్యమగును. ఈ సంగతిని మేము పుస్తకమువలన గాక, పాఠశాల వస్తు ప్రదర్శనములో జరిగిన యొక పొరపాటువలన నేర్చుకొంటిమి.

మన విద్యార్థులలో సూర్యాపేట, కోదాడ పిల్లల యూళ్లలో రైలు కూత వినబడదు. వారికి తెలిసినవి హైదరాబాదు–విజయవాడ రహదారిమీది బస్సులును లారీలును. మిర్యాలగూడవారికి సికింద్రాబాదు–గుంటూరు రైలు మార్గము కలదు. ఆ మార్గమున చిరకాలము బండ్లను లాగినవి డీజిలు ఇంజనులు. ఇప్పుడచ్చట తీగల క్రింద విద్యుత్తు ఇంజనులు నడచుచున్నవి. పాత డీజిళ్లు తఱచుగా పాత యినుము క్రింద పోవుచున్నవి. కావున ముందు తరమువారికి వానిని చూపునది చాలవఱకు నమూనాయే. అది తప్పైనచో, ఆ తప్పే వారికి చరిత్ర యగును.

మా పిల్లలు ఎన్నుకొనినది డబ్ల్యు.డి.ఎం.2 అను ఇంజను. ఈ యక్షరములలో మొదటిది బ్రాడ్ గేజిని, రెండవది డీజిలును, మూడవది ప్రయాణికుల బండ్లకును గూడ్సు బండ్లకును పనికివచ్చు ననుటను తెలుపును. అమెరికాలోని ఆల్కో కంపెనీవారు రూపొందించిన యీ యింజను 1962లో మన దేశమునకు వచ్చెను. 1964 నుండి వారణాసి కర్మాగారములోనే తయారుకాజొచ్చెను. దీనికి 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి, ఆఱు ఇరుసులు, బరువు 112.8 టన్నులు.

ఇక లెక్క చూతము. లోకమున మిక్కిలి వాడుకలో నున్న నమూనా ప్రమాణము 87కు ఒకటి. అసలు ఇంజను పొడవు 17.12 మీటర్లు, దానిని 87చే భాగింపగా సుమారు 197 మిల్లీమీటర్లు. చక్రముయొక్క వ్యాసము 1,092 మిల్లీమీటర్లు, నమూనాలో పన్నెండున్నర. బరువును మాత్రము 87చే ఒకసారి భాగించిన చాలదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడును తగ్గుచున్నవి గదా! మూడుసార్లు భాగింపవలెను. అప్పుడు 112.8 టన్నులు 171 గ్రాములుగా దిగును. ఘనమూల, ఘనఫలముల లెక్కలు ఎందులకని యడుగు పిల్లలకు ఇదియే మా సమాధానము.

పట్టాలయొద్ద వేఱొక చిక్కు కలదు. ఈ ప్రమాణమునకు అంగడిలో దొరకు పట్టాల నడిమి యెడము 16.5 మిల్లీమీటర్లు. ఇది 1,435 మిల్లీమీటర్ల గేజి గల ఐరోపా, అమెరికా రైళ్లకు సరిపోవును. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు, దానికి 19.3 వలయును. అనగా మన యింజనును ఆ పట్టాలపై నిలిపినచో, అసలు లెక్కలో చక్రములు సుమారు 24 సెంటీమీటర్లు లోపలికి నొక్కుకొని యుండును. అయితే ఒక ఉపాయము కలదు. మన గేజి అయిదున్నర అడుగులు. అడుగునకు 3 మిల్లీమీటర్ల చొప్పున నమూనా చేసినచో అయిదున్నర మూళ్లు సరిగా పదునాఱున్నర! ఇంజను కొంచెము చిన్నదై 168 మిల్లీమీటర్లకు దిగును గాని, పట్టాలు సత్యమగును.

ఇంత లెక్క వేసియు మేము తప్పితిమి. ప్రదర్శనమునకు ఒక విద్యార్థి తాతగారు వచ్చిరి. వారు రైలు డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి పొందినవారు. అట్ట యింజనును చాలసేపు చూచి, “పెట్టె మంచిగున్నది సారు. కాని ఇరుసులు ఇట్ల ఉండవు” అనిరి. ఆ యింజనులో డీజిలు యంత్రము తిన్నగా చక్రములను త్రిప్పదు, విద్యుత్తును పుట్టించును. ఒక్కొక్క యిరుసును ఒక్కొక్క మోటారు త్రిప్పును. ఆ మోటార్లకు చోటు కల్పించుటలో, ప్రతి చట్రమునందలి మూడు ఇరుసుల నడుమ ఎడములు సమానముగా నుండవు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. చూడ ముచ్చటగా నుండునని వానిని సమానముగా విభజింపుమని పిల్లలకు చెప్పినవారము మేమే. అందమునకై సత్యమును దిద్దితిమి.

ఆ పెద్దలే మఱియొక సంగతి తెలిపిరి. ఒకే యింజను అన్ని యేండ్లు ఒకే రీతిగా నుండదు. మొదట వాక్యూము బ్రేకు, ముందువైపున లావైన గొట్టము. పిదప గాలి బ్రేకు వచ్చినప్పుడు సన్నని గొట్టములు చేరినవి. కాజీపేట, గుత్తి మొదలగు షెడ్లవారు వేర్వేఱు రంగులు వేసిరి. కావున నమూనా చేయువాడు ముందుగా ఒక నంబరును, ఒక సంవత్సరమును నిర్ణయించుకొనవలెను. ఒక యేటి రంగునకు మఱియొక యేటి గొట్టము తగిలించినచో, అట్టి యింజను ఎన్నడును నడచియుండదు. ఛాయాచిత్రమును నమ్మి కొలుచుటయు ప్రమాదమే. దగ్గఱనున్నది పెద్దదిగను, దూరముననున్నది చిన్నదిగను అందు కనబడును. ప్రక్కనుండి నేరుగా తీసిన చిత్రమే కొంత మేలు.

ఆ నమూనాను మేము పాఱవేయలేదు. చీటి మార్చితిమి: “పొడవు సరి. పట్టాల యెడము తక్కువ. ఇరుసుల యెడములు తప్పు.” క్రొత్త నమూనా అడుగునకు 3 మిల్లీమీటర్ల చొప్పున ఆరంభమైనది. తలిదండ్రులలో రైల్వే పని చేసినవారుండినచో, పాత యింజనుల ఛాయాచిత్రములను, వెనుక నంబరును సంవత్సరమును వ్రాసి, చూచుటకు పంపవలెనని కోరుచున్నాము. భద్రముగా తిరిగి యిత్తుము.