మట్టల కుప్పకు నిప్పు పెట్టే ముందు...

ఒమన్‌లో మజ్రా పని చేసే మనోళ్లకు ఖర్జూరం మట్టల గురించి వేరే చెప్పక్కర్లేదు. బర్కా నుంచి సొహార్ దాకా బాతినా తీరంలో ఏ తోట చూసినా ఓ మూల ఎండు మట్టల కుప్ప ఉంటుంది. కొట్టడం, మోయడం, పోగెయ్యడం, చివరికి అర్బాబ్ చెప్పిన రోజున అగ్గిపుల్ల గియ్యడం. ఆ ఆఖరి పనికి ముందు ఓ ఐదు నిమిషాలు ఆగమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఆ కుప్ప అడుగున ఓ చిన్న ప్రాణి పడుకుని ఉండొచ్చు. అరబ్బులు దాన్ని కున్ఫుద్ అంటారు, ఇంగ్లీషులో హెడ్జ్‌హాగ్. మనోళ్లు చూడగానే 'ముళ్లపంది పిల్ల' అనేస్తారు. కాదు. ముళ్లపంది పెద్దది, జానెడు ముళ్లతో దుంపలు తవ్వుకు తింటుంది. ఒమన్‌లో అదీ ఉంది. కున్ఫుద్ మాత్రం రెండు అరచేతుల్లో పట్టేంత. ముళ్లు అంగుళం అటూ ఇటూ. నుదుటి మీద తెల్ల పట్టీ, నల్ల మూతి, నడినెత్తిన పాపిడి తీసినట్టు ముళ్లు లేని గీత ఉంటే అది ఎడారి రకం. ఒళ్లంతా దాదాపు నల్లగా ఉండే బ్రాంట్ రకం కూడా ఇక్కడ ఉంది. వీటి చుట్టం మన ఆంధ్ర, తమిళనాడు మెట్ట నేలల్లోనూ ఉంది. రాత్రిపూట తిరిగేది కదా, ఊళ్లో ఉన్నన్నాళ్లూ చూడకుండానే ఇక్కడికొచ్చేశాం.

జూన్ నుంచి ఆగస్టు దాకా సైట్లలో మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఎండపని ఆపుతారు. దీనికి ఏడాది పొడుగునా పగలంతా సెలవే! చీకటి పడ్డాక బయటికొచ్చి పురుగులు, చెదలు, నత్తలు తింటుంది. తేళ్లను కూడా వదలదు. తోటలో పనిచేసేవాడికి ఇంతకన్నా జీతం అడగని కూలీ ఎవరు దొరుకుతారు?

చిక్కంతా దాని అలవాటుతోనే. భయమేస్తే ఎక్కువగా పారిపోదు, బంతిలా ముడుచుకుపోతుంది. నక్క ముందు ఆ విద్య పనిచేస్తుంది, నిప్పు ముందు పనిచెయ్యదు. అందుకే బ్రిటన్‌లో ఏటా నవంబరు 5న భోగిమంటల్లాంటివి వేసేటప్పుడు, అడుగున హెడ్జ్‌హాగ్‌లు ఉన్నాయేమో చూడమని ముందే హెచ్చరిస్తారు. మనమూ అంతే, కాల్చాల్సిన కుప్పను ఆ రోజే కర్రతో మెల్లగా పక్కకు మార్చి అక్కడ కాల్చాలి. వట్టి చేతులు పెట్టొద్దు, బూట్లు వేసుకోండి. అదే కుప్పలో పామూ ఉండొచ్చు.

అర్బాబ్ ఒప్పుకుంటే ఓ చిన్న కుప్పను దానికోసమే వదిలెయ్యండి. మనం పడుకునే గదికి దూరంగా, గోడ మూల నీడలో. కూరగాయల చెక్కపెట్టె బోర్లించి, ఓ పక్క 13 సెంటీమీటర్ల చదరపు కంత కోసి, లోపల ఎండాకు వేసి, పైన మట్టలు కప్పితే చాలు. నీరు నిలవని చోటు చూడాలి. ఎర్రముక్కు పురుగు పట్టిన చెట్టు మట్టలు, మొద్దులు మాత్రం వాడొద్దు. కోనసీమ కొబ్బరి రైతు బిడ్డలకు ఆ పురుగు సంగతి తెలుసు. వాటిని తోటవాళ్లు చెప్పినట్టు నాశనం చెయ్యాల్సిందే.

జాలిపడి పాలు పొయ్యకండి, పాలు దానికి అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. లోతులేని మూకుడులో నీళ్లు పెడితే ఎండాకాలంలో అదే పెద్ద ఉపకారం. నీళ్ల బిర్కాలో ఓ పలక ఏటవాలుగా వెయ్యండి, పడితే ఎక్కి వస్తుంది. ఎలుకల మందు, పురుగుల మందు ఆ దరిదాపుల్లో చల్లొద్దు.

ముద్దుగా ఉందని పట్టి గదిలో పెట్టుకోవడం, ఎవరికైనా అమ్మడం అసలు వద్దు. ఇక్కడ వన్యప్రాణుల రక్షణకు 2003 నాటి రాజశాసనం ఉంది. వీసా మీద బతికేవాళ్లం, కేసుల్లో ఇరుక్కుంటే ఊళ్లో ఉన్నవాళ్లకు ఏం చెప్పుకుంటాం?

ఎండలు ముదిరే వేళకు కుప్ప కదిపినప్పుడు పిల్లలు కనిపించొచ్చు. ముట్టుకోకుండా అలాగే మూసెయ్యాలి. కదిలిస్తే తల్లి వాటిని వదిలెయ్యొచ్చు, చంపేసినా చంపేస్తుంది. వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే కుప్ప విప్పక్కర్లేదు. సాయంత్రం కంత ముందు మెత్తటి ఇసుక పరిచి, పొద్దున ఫజర్ బాంగు వినబడ్డాక వెళ్లి చూడండి. చిన్న చిన్న అడుగులు, పురుగుల రెక్కల పొట్టు మెరిసే నల్లటి పెంటికలు ఉంటే లోపల నిద్రపోతోందన్నమాటే.