మోస్పోర్ట్ గట్టు మీద మన ఆదివారం

"కార్లు గుండ్రంగా తిరగడమే కదా, చూసేదేముంది?" అని మా ఇళ్ళలో పెద్దవాళ్ళు అడుగుతుంటారు.

రిచ్‌మండ్ హిల్ నుంచి సుమారు గంట ప్రయాణంలో, బోమన్‌విల్ దగ్గర 1961లో మొదలైన మోస్పోర్ట్ ట్రాక్ ఉంది. ఒక చుట్టు దాదాపు 4 కిలోమీటర్లు. ఆ ఏడాది ఇక్కడ గెలిచిన స్టిర్లింగ్ మాస్ పేరే ఐదో మలుపుకి పెట్టారు.

చాలా ఎండ్యూరెన్స్ రేసులకి హద్దు కాలం, చుట్ల లెక్క కాదు. 1923లో మొదలైన ఫ్రాన్స్‌లోని లెమాన్ పోటీ 24 గంటలు. ఇక్కడ 2024లో జరిగిన ఇమ్సా పోటీ 2 గంటల 40 నిమిషాలు. ఒక కారును ఇద్దరు ముగ్గురు వంతులవారీగా నడుపుతారు. వేగంలో తేడా ఉన్న రకాలు కలిసే పరిగెడతాయి. ఏ రకానికి ఆ రకంలో విజేత. పెట్రోలు, టైర్ల కోసం ఎప్పుడు ఆగాలన్న లెక్కలోనే సగం గెలుపు.

మేము గట్టు మీద దుప్పటి పరిచి, పులిహోర డబ్బా విప్పుతాం. పిల్లల చెవులకు మఫ్‌లు తప్పనిసరి. పోయిన వినికిడి మళ్ళీ రాదు. కారు నంబరు తెలుగులోనే చెప్పాలని పందెం. ఇంట్లో ఇంగ్లీషులో తప్ప బదులివ్వని మావాడు, "నాన్నా, ఇరవై ఏడు ఆగింది!" అని అరిచాడు.

చూసేదేముందో పెద్దవాళ్ళకి అప్పుడు అర్థమైంది.