వెనక్కి నడిచిన పాదాలు

యాభై దాటిన అభిమానిని మైకేల్ జాక్సన్ గురించి కదిపి చూడండి. పాట అందుకోరు, లేచి నిలబడి కాలు వెనక్కి జారుస్తారు! మేజోళ్లతో నున్నటి గచ్చుమీద జారి, నడుం పట్టేసుకున్న రోజులూ గుర్తుచేసుకుంటారు.

1983 మార్చి 25. అమెరికాలోని పాసడీనాలో మోటౌన్ రికార్డుల సంస్థ పాతికేళ్ల వేడుక. 'బిల్లీ జీన్' పాట మధ్యలో, ముందుకు నడుస్తున్నట్టే కనిపిస్తూ వెనక్కి జారాడు జాక్సన్. అదే మూన్‌వాక్! కొన్ని క్షణాలే. మే 16న టీవీలో వచ్చాక ఇంటింటా అదే మాట.

ఆ అడుగు అతడు కనిపెట్టింది కాదు. బిల్ బెయిలీ అనే ట్యాప్ డ్యాన్సర్ ఎప్పుడో వేశాడు. తనకు నేర్పింది ముగ్గురు పిల్లలని జాక్సనే ఆత్మకథలో రాసుకున్నాడు.

విచిత్రమేమిటంటే, జనం ఊగిపోతుంటే అతడు మాత్రం దిగులుపడ్డాడు. గిర్రున తిరిగి మునివేళ్లమీద నిలిచినప్పుడు, అనుకున్నంతసేపు ఆగలేకపోయానని! తెరవెనక ఓ పిల్లాడు ఎదురై, ఇలా ఆడటం ఎవరు నేర్పారని కళ్లింతలు చేసుకుని అడిగాడు. సాధనే కాబోలు అన్నాడు జాక్సన్. పిల్లలు అబద్ధమాడరని అతడి నమ్మకం. అప్పుడుగానీ మనసు కుదుటపడలేదు.

2009 జూన్ 25న జాక్సన్ కన్నుమూశాడు. ఆ రాత్రి టీవీలు మళ్లీ మళ్లీ చూపించిందీ ఆ నాలుగడుగులనే.