మెడ వంపుకు కొలత ఉంది... ఆ కొలతను ఎంత నమ్మవచ్చు?

తల నిటారుగా ఉంటే మెడపై పడే భారం సుమారు 5 కిలోలు. 60 డిగ్రీలు ముందుకు వంచితే 27 కిలోలు. సెల్‌ఫోన్ వాడకంపై వచ్చే వార్తల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న లెక్క ఇది. 2014లో అమెరికా వెన్నెముక శస్త్రచికిత్స నిపుణుడు కెన్నెత్ హన్స్‌రాజ్ ప్రచురించిన పత్రం దీనికి మూలం. అయితే ఆ 27 కిలోలను ఎవరి మెడలోనూ సాధనం పెట్టి కొలవలేదు. తల బరువు, వంపు కోణం ఇచ్చి కంప్యూటర్ నమూనాతో లెక్కగట్టారు. తల ముందుకు వంగేకొద్దీ దాన్ని నిలిపి ఉంచడానికి మెడ వెనుక కండరాలు మరింత బలంగా లాగాలి. తులాదండం సూత్రం ప్రకారం ఆ భారమంతా వెన్నుపూసల మీదకే వస్తుంది. ఇందులో తప్పు లేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. ఒక మనిషి మెడ ఎంత కోణంలో ఉందో తేల్చడం ఎలా? ఆరు వారాల వ్యాయామం తర్వాత కోణం 47 డిగ్రీల నుంచి 50కి మారిందని ఫిజియోథెరపిస్టు చెబితే సంతోషించాల్సిందే. కానీ ఆ 3 డిగ్రీలు మెడలో వచ్చిన మార్పా, కొలతలో వచ్చిన తేడానా? చికిత్స కొనసాగించాలా, మార్చాలా అన్న నిర్ణయం దీనిపైనే ఆధారపడుతుంది.

ఫొటోలో దాగిన కోణం

మెడ భంగిమను కొలవడానికి ఎక్కువగా వాడే పద్ధతి ఒక పక్క నుంచి తీసిన ఫొటో. తల వంచినప్పుడు మెడ అడుగున వేలికి తగిలే పెద్ద ఎముక బుడిపె సాధారణంగా ఏడో మెడ వెన్నుపూసది. అక్కడ ఒక చిన్న స్టిక్కర్ అంటిస్తారు. చెవి రంధ్రానికి ముందుండే మృదులాస్థి బుడిపెను రెండో గుర్తుగా తీసుకుంటారు. ఈ రెండు బిందువులను కలిపే గీత, వెన్నుపూస గుర్తు నుంచి అడ్డంగా గీసిన గీతతో చేసే కోణాన్ని క్రేనియోవెర్టిబ్రల్ కోణం అంటారు. తల ముందుకు జరిగేకొద్దీ ఈ కోణం తగ్గుతుంది. 50 డిగ్రీలకు అటూ ఇటుగా ఒక హద్దు పెట్టుకుని, అంతకన్నా తక్కువైతే 'తల ముందుకు జరిగింది' అని చెబుతారు. ఆ హద్దు అన్ని అధ్యయనాల్లోనూ ఒకటే కాదు.

ఎక్స్-రే అవసరం లేదు, ఖర్చు తక్కువ, ఎన్నిసార్లైనా తీయవచ్చు. అందుకే ఈ పద్ధతి విస్తరించింది. తేలిగ్గా కనిపించే ఈ కొలతలో తప్పు చొరబడే దారులు మాత్రం చాలా ఉన్నాయి.

మొదటిది స్టిక్కర్. అందరికీ ఏడో వెన్నుపూసే ఎక్కువగా పొడుచుకు రాదు. కొందరిలో ఆరోది, మరికొందరిలో ఛాతీ భాగపు మొదటి పూస ఎక్కువగా తగులుతాయి. ఉదాహరణకు చెవి గుర్తు వెన్నుపూస కన్నా 10 సెంటీమీటర్లు ముందుకు, 12 సెంటీమీటర్లు పైకి ఉందనుకుందాం. కోణం సుమారు 50 డిగ్రీలు. స్టిక్కర్ ఒక్క సెంటీమీటర్ పైకో కిందకో జరిగితే చాలు, కోణం 48కి దగ్గరగానో, 52 దాటో వస్తుంది. మెడ అంగుళమైనా కదలలేదు. వేలు మాత్రమే కదిలింది.

రెండోది మనిషి నిలబడిన దిశ. వెన్నుపూస శరీరం మధ్యరేఖలో ఉంటుంది. చెవి అక్కడి నుంచి 7 సెంటీమీటర్లు పక్కకు ఉందనుకుందాం. పై ఉదాహరణలోని వ్యక్తి కెమెరాకు సరిగ్గా పక్కకు నిలబడకుండా 10 డిగ్రీలు తిరిగితే, ఎటు తిరిగాడన్నదాన్ని బట్టి కోణం 47 గానీ 54 గానీ అవుతుంది. అంటే ఒకే మెడను ఒక ఫొటో 'వంగింది' అంటుంది, మరొకటి 'బాగుంది' అంటుంది.

మూడోది కెమెరా వాలు. అడ్డగీతను ఫొటో అంచును బట్టి గీస్తే, కెమెరా 2 డిగ్రీలు పక్కకు ఒరిగినప్పుడు ఆ 2 డిగ్రీలూ నేరుగా కోణంలో కలుస్తాయి. అందుకే జాగ్రత్తగా చేసే అధ్యయనాల్లో కెమెరాను స్టాండుపై బిగించి, మేస్త్రీలు వాడే రసమట్టం లాంటి దానితో సరిచూస్తారు. దూరాన్ని, ఎత్తును ముందే నిర్ణయిస్తారు. ఫొటోలో నిలువుగా వేలాడే గుండు దారం కూడా కనిపించేలా చూస్తారు.

కొలిచేలోపే మారే మెడ

బల్ల పొడవు రేపు కొలిచినా మారదు. మెడ అలా కాదు. ఫొటో తీస్తున్నారని తెలియగానే చాలామంది నిటారుగా నిలబడతారు. ఊపిరి, అలసట, చూపు ఎటు ఉందన్నది కూడా తలను కదిలిస్తాయి.

దీనికి దంతవైద్య రంగం నుంచి వచ్చిన ఒక ఉపాయం ఉంది. తలను ముందుకూ వెనక్కూ పెద్దగా ఊపడం మొదలుపెట్టి, క్రమంగా ఊపు తగ్గిస్తూ, హాయిగా అనిపించిన చోట ఆపమంటారు. ఎదుట అద్దం పెట్టి తమ కళ్లలోకే చూడమనే పద్ధతి మరొకటి. డెన్మార్క్ పరిశోధకులు సోలో, టాల్‌గ్రెన్ 1971లో ఈ రెండింటినీ వివరించారు. వీటి వల్ల 'సహజ భంగిమ' అనే మాటకు కొంత నిలకడ వచ్చింది.

ఒక్క ఫొటోతో ఆపకుండా మూడు తీసి సగటు వేస్తే మరింత మేలు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న యాదృచ్ఛిక దోషాలు సగటుతో తగ్గుతాయి. క్రమ దోషాలు మాత్రం తగ్గవు. స్టిక్కర్ తప్పు పూసపై ఉంటే ముప్పై ఫొటోలు తీసినా సగటు తప్పుగానే వస్తుంది.

ఎక్స్-రే చూపేది, చూపనిది

చర్మంపై గుర్తులు తల స్థానాన్ని చెబుతాయి. లోపల ఏడు వెన్నుపూసలు ఏ వంపులో అమరి ఉన్నాయో చెప్పలేవు. దానికి ఎక్స్-రే కావాలి. రెండో వెన్నుపూస అడుగు అంచు వెంట ఒక గీత, ఏడో దాని అడుగు అంచు వెంట మరో గీత గీసి, వాటి మధ్య కోణాన్ని కొలుస్తారు. అమెరికా వైద్యుడు జాన్ కాబ్ 1948లో వెన్నెముక పక్కకు వంగే గూని కోసం వివరించిన పద్ధతిని ఇలా మెడకు అన్వయించారు. ఇది రెండు చివరి పూసలనే చూస్తుంది కాబట్టి మధ్యలో వేర్వేరు ఆకారాలున్న రెండు మెడలకు ఒకే అంకె రావచ్చు. ప్రతి పూస వెనుక అంచు వెంట గీతలు గీసే మరో పద్ధతి ఉంది. ఒకే ఎక్స్-రేపై ఈ రెండూ ఒకే అంకె ఇవ్వనక్కర్లేదు. పద్ధతి పేరు రాయని నివేదికలను పోల్చడం అందుకే కష్టం.

శస్త్రచికిత్స నిపుణులు చూసే మరో కొలత దూరం. రెండో వెన్నుపూస మధ్య నుంచి గుండు దారం వదిలితే అది ఏడో పూస వెనుక పై మూలకు ఎంత ముందు పడుతుందన్నది మిల్లీమీటర్లలో కొలుస్తారు. మెడ శస్త్రచికిత్స జరిగిన రోగులపై 2012లో వచ్చిన ఒక అధ్యయనం తర్వాత 40 మిల్లీమీటర్లు ప్రసిద్ధమైన హద్దుగా మారింది. ఇక్కడ నీడల జ్యామితి అడ్డొస్తుంది. దీపానికీ గోడకూ మధ్య చెయ్యి పెడితే నీడ చెయ్యి కన్నా పెద్దదిగా పడినట్టే, ఎక్స్-రేలో ఎముక అసలు కన్నా పెద్దగా కనిపిస్తుంది. ఎక్స్-రే గొట్టం 180 సెంటీమీటర్ల దూరంలో ఉండి, మెడ ఎముక ఫలకానికి 30 సెంటీమీటర్ల ఎడంగా ఉంటే 40 మిల్లీమీటర్లు 48గా కనిపిస్తాయి. గొట్టాన్ని 100 సెంటీమీటర్లకు తెస్తే అదే దూరం 57 అవుతుంది. ఈ పెరుగుదలను సరిదిద్దకపోతే హద్దు లోపలున్న మనిషి హద్దు దాటినట్టు లెక్క. కోణాలకు ఈ చిక్కు చాలా తక్కువ.

మెడ ఎక్స్-రేతో శరీరానికి అందే మోతాదు సుమారు 0.2 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి ఏడాదిలో సగటున అందే 2.4 మిల్లీసీవర్ట్‌తో పోలిస్తే ఇది తక్కువే. అయినా వ్యాయామం పనిచేస్తోందో లేదో చూడటానికి ప్రతి నెలా ఎక్స్-రే తీయడం సమంజసం కాదు. మోతాదు తగ్గించే దారి కణభౌతికశాస్త్రం నుంచి వచ్చింది. సన్నని తీగల వరుసలతో కణాల జాడ పట్టే డిటెక్టర్‌ను 1968లో సెర్న్‌లో రూపొందించిన జార్జ్ షర్పాక్‌కు 1992లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆలోచన ఆధారంగా తయారైన ఈవోఎస్ యంత్రం నిలబడిన మనిషిని ముందు నుంచి, పక్క నుంచి ఒకేసారి తక్కువ మోతాదుతో చిత్రిస్తుంది. ఎమ్మారైలో రేడియేషన్ లేదు, నరాలు, డిస్కులు చక్కగా కనిపిస్తాయి. కానీ సాధారణ ఎమ్మారైలో రోగి పడుకుని ఉంటాడు. తల బరువు మెడపై లేనప్పటి వంపును నిలబడినప్పటి భంగిమగా చదవకూడదు.

నమ్మకానికి లెక్క

కొలత నిలకడగా ఉందా అని రెండు రకాలుగా పరీక్షిస్తారు. ఒకే వ్యక్తి వేర్వేరు రోజుల్లో కొలిస్తే అదే వస్తుందా? ఇద్దరు వేర్వేరుగా కొలిస్తే కలుస్తుందా? ఫలితాన్ని ఐసీసీ అనే గుణకంతో చెబుతారు. అది 0.75 నుంచి 0.9 వరకు ఉంటే మంచిది, 0.9 దాటితే శ్రేష్ఠం అని పరిశోధకులు ఎక్కువగా అనుసరించే కొలమానం.

ఐసీసీ ఒక్కటే చూస్తే మోసపోయే అవకాశం ఉంది. ఒక సమూహంలో కోణాల ప్రామాణిక విచలనం 5 డిగ్రీలు, ఐసీసీ 0.90 అనుకుందాం. కొలత దోషం సుమారు 1.6 డిగ్రీలు వస్తుంది. ఒక వ్యక్తిలో నిజంగా మార్పు వచ్చిందని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే రెండు కొలతల మధ్య కనీసం 4.4 డిగ్రీల తేడా ఉండాలి. ఐసీసీ 0.75 అయితే ఆ హద్దు దాదాపు 7 డిగ్రీలు. 'శ్రేష్ఠం' అనిపించుకున్న పద్ధతితో కొలిచినా 47 నుంచి 50కి వచ్చిన మార్పును మెరుగుదల అనలేం, కాదనీ అనలేం.

ఇద్దరి కొలతలు కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉన్నంత మాత్రాన అవి ఏకీభవించినట్టు కాదు. సంతలో ఒక కాటా ఎప్పుడూ వంద గ్రాములు ఎక్కువ చూపితే రెండు కాటాల మధ్య సహసంబంధం సంపూర్ణంగా ఉంటుంది, కొనేవాడు మాత్రం నష్టపోతాడు. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే బ్రిటిష్ గణాంకవేత్తలు 1986లో లాన్సెట్ పత్రికలో ఈ తేడాను ఎత్తిచూపారు. రెండు కొలతల మధ్య తేడాలనే గ్రాఫుగా గీసి చూడమని సూచించారు.

కోణం వేరు, నొప్పి వేరు

ఇంత జాగ్రత్తగా కొలిచాక కూడా ఆ అంకె నొప్పిని చెబుతుందా? 2019లో 15 అధ్యయనాలను సమీక్షించినప్పుడు, మెడనొప్పి ఉన్న పెద్దల్లో తల కొంత ఎక్కువగా ముందుకు ఉన్నట్టు తేలింది. కౌమారంలో ఉన్నవారిలో అలాంటి తేడా కనిపించలేదు. బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్ల వయసున్న 150 మందిపై 2018లో వచ్చిన అధ్యయనంలో ఫోన్ చూసేటప్పటి మెడ వంపుకూ, మెడనొప్పికీ సంబంధం దొరకలేదు. తేడా ఉన్న చోట కూడా, వంపు వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల మెడ అలా నిలిచిందా అన్నది ఒక్కసారి తీసిన చిత్రం చెప్పలేదు. నొప్పి లేనివారి ఎక్స్-రేల్లో కూడా నిటారైన మెడలు కనిపిస్తాయి.

ఇప్పుడు ఫోన్ యాప్‌లు కృత్రిమ మేధతో భంగిమకు మార్కులు వేస్తున్నాయి. వీడియోలో శరీర బిందువులను గుర్తించే సాఫ్ట్‌వేర్లు సాధారణంగా చెవిని, భుజాన్ని పట్టుకుంటాయి. ఏడో వెన్నుపూస చొక్కా కాలర్ కింద ఉంటుంది. భుజంతో కొలిచిన కోణం వేరే కోణం, దాన్ని 50 డిగ్రీల హద్దుతో పోల్చకూడదు. ఎక్స్-రేలపై గీతలు గీసే ప్రోగ్రాములు అలసిపోవు, ఒకే చిత్రానికి ప్రతిసారీ ఒకే జవాబు ఇస్తాయి. కానీ వాటికి నేర్పింది మనుషులు పెట్టిన గుర్తులతోనే. ఆ గుర్తుల్లో క్రమ దోషం ఉంటే యంత్రం దాన్ని నిలకడగా అనుసరిస్తుంది.

మెడ కోణం గురించి ఎవరైనా అంకె చెప్పినప్పుడు అడగాల్సినవి మూడు: ఏ పద్ధతిలో కొలిచారు, రెండుసార్లూ ఒకే వ్యక్తి ఒకే తీరులో కొలిచారా, ఆ పద్ధతిలో ఎన్ని డిగ్రీల లోపు తేడాను పట్టించుకోకూడదు. మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ అంకె కన్నా నొప్పి తగ్గిందా, మెడ తిప్పడం సులువైందా అన్నదే మంచి సూచిక. ఇక చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం, నడకలో తూలడం కనిపిస్తే కోణం ఎంతున్నా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి.