నాన్న జీపూ, నేనూ, ఒక చలి రాత్రి

మీరెప్పుడైనా ఒక్క రాత్రి, ఒకే ఒక్క రాత్రి, ఎవరికీ అన్నం వడ్డించకుండా, రేపటి టిఫినుకు పప్పు నానబోయకుండా, పాలు తోడు వేయకుండా గడిపారా? పుట్టింటికి వెళ్ళినప్పుడు అంటారేమో. అక్కడ వదిన ఒక్కతే చేసుకుంటూ ఉంటే చేతులు కట్టుకుని కూర్చుంటామా? ఆసుపత్రిలో పడుకున్న రాత్రులంటే అవి లెక్కలోకి రావు.

నాకు యాభై మూడేళ్ళు. ఈ కోరిక ఎప్పటినుంచో ఉంది కానీ పైకి చెప్పడానికే సిగ్గు. కిందటి జనవరిలో, సంక్రాంతి చుట్టాలు వెళ్ళిపోయాక చెప్పేశాను. ఒక చిన్న గుడారం, నాన్న జీపు తీసుకుని నాగార్జునసాగర్ నీళ్ళ ఒడ్డుకు వెళ్ళి ఒక రాత్రి ఒక్కదాన్నే ఉండి వస్తానని. "నీకేమైనా మతి పోయిందా?" అన్నారు మావారు. తరవాత ఆయనే వెళ్ళి టార్చిలైటుకు కొత్త సెల్లులు కొనుక్కొచ్చారు.

ఆ జీపు సంగతి చెప్పాలి. మా తరం వాళ్ళకు జీపంటే సమితి జీపే కదా! 1959లో మన షాద్‌నగర్‌లో నెహ్రూ గారు పంచాయతీ రాజ్‌ను ప్రారంభించిన నాటి నుంచి పల్లెటూరి పిల్లలు వెంట పరిగెత్తింది ఆ జీపు దుమ్ములోనే. నీటిపారుదల శాఖలో పనిచేసిన నాన్న 1992లో ప్రభుత్వ వేలంలో ఒక పాత డీజిలు జీపు కొన్నారు. దేవరకొండ రోడ్ల మీద నాకు బండి నేర్పింది దానితోనే. పెళ్ళయ్యాక దాని స్టీరింగు మళ్ళీ పట్టుకోలేదు. ఏడాది కిందట నాన్న పోయారు. తుక్కు కింద అమ్మేద్దామన్నాడు తమ్ముడు. నాకు ఒక్క వారం ఇవ్వు, ఆ తరవాత నీ ఇష్టం అన్నాను.

మొదట మన్ననూరు వైపు వెళదామనుకున్నాను. ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అడవి అది, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. అయితే అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి వేసేస్తే మళ్ళీ తెల్లవారి ఆరుకే తీస్తారు. అడవిలో మన ఇష్టం వచ్చినచోట గుడారం వేస్తే అది నేరం కూడాను. అందుకే నల్లగొండ జిల్లాలో, సాగర్ వెనక జలాల ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ అనే చేపలు పట్టేవాళ్ళ ఊరికి వెళదామని నిశ్చయించుకున్నాను. అక్కడ జనం ఉంటారు, గుడారాలు వేసుకునేవాళ్ళూ వస్తూంటారు.

ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి. దారి పొడుగునా ఎర్రటి చల్క నేలలు, పేర్చిపెట్టినట్టున్న బండరాళ్ళ గుట్టలు. దేవరకొండ కోట కనిపించేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆ నీడలో సర్వపిండి, పెరుగన్నం తిన్నాను. ఎవరికీ వడ్డించకుండా! ఆ పెరుగన్నం రుచి మీకు ఎలా చెప్పను?

ఉత్సాహం ఎక్కువైతే ఏమవుతుందో వినండి. గేరు రాడ్డు పక్కన ఫోర్‌వీల్‌కు ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. దాన్ని చల్కలో, బురదలో, ఇసుకలో మాత్రమే వేయాలి. నేను సరదాకు తారు రోడ్డు మీదే వేశాను. నాలుగు చక్రాలూ ఒక్క బిగువున తిరుగుతూంటే మలుపుల్లో లోపల పళ్ళు పట్టేస్తాయి. రాడ్డు మళ్ళీ వెనక్కి రాలేదు. నాన్న మాట గుర్తొచ్చి పది అడుగులు రివర్సు పోనిచ్చాను. టక్కుమని ఊడొచ్చింది. ఆ గర్వం అరగంట కూడా నిలవలేదు.

దేవరకొండ దాటి గుట్టల మధ్య ఎత్తెక్కుతూంటే వేడి చూపించే ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి! బండి పక్కకు తీసి ఆపేశాను. దిగి, బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాను. ఆ క్షణంలో నన్ను ఆపింది ఏమిటో తెలుసా? మా వంటింటి ప్రెషర్ కుక్కర్.

నిజమండీ. విజిల్ వేసిన కుక్కరు మూత మనం వెంటనే తీస్తామా? రేడియేటరూ అంతే. మూత బిగువుకు లోపలి నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా అణిగి ఉంటాయి. మూత తిప్పామా, ఒక్కసారిగా మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ముప్పావు గంట కూర్చున్నాను. మందపాటి తువ్వాలు వేసి, మూత కాస్త తిప్పి, బుస్సుమన్న ఆవిరి పోయేదాకా ఆగి, అప్పుడు తీశాను. నీళ్ళు ఎక్కడో అడుగున ఉన్నాయి. కాలిన పెనం మీద చన్నీళ్ళు కుమ్మరిస్తే ఏమవుతుందో మనకు తెలుసు కనుక, ఇంజను బాగా చల్లారాకే కొద్దికొద్దిగా పోశాను.

పోసింది తాగే నీళ్ళు. ఇరవై లీటర్ల క్యానులో ఎనిమిది లీటర్లు అలా పోయాయి. మూడు కిలోమీటర్లు వెళ్ళానో లేదో ముల్లు మళ్ళీ ఎక్కింది. సమయం అయిదున్నర. ఫోనుకు సిగ్నలు లేదు. పత్తి చేలు, కంది చేలు, దూరంగా ఒక తాండా దీపాలు. జనవరిలో పొద్దు ఎంత తొందరగా గుంకుతుందో మీకు తెలుసు. ఉన్నమాట చెప్తాను, ఏడుపొచ్చింది. భయం కొంత, ఉక్రోషం కొంత. తుక్కు బండి అన్న తమ్ముడి మాటే నిజమైందే అని.

అప్పుడు తలమీద కట్టెల మోపుతో ఒక లంబాడీ ఆమె వచ్చి ఆగింది. అరవై దాటి ఉంటాయి.

"ఏంది చెల్లె, బండి ఖరాబైందా? ఒక్కదానివే వచ్చినవా?"

"అవునక్కా."

"మీ ఆయన ఏడి?"

"ఇంట్లో ఉన్నాడక్కా."

నా మొహంలోకి, బండిలోకి మార్చి మార్చి చూసింది. "గీ చీకట్ల ఏడికి పోతవ్? మా తాండకు రా" అంది.

ఇంజను మళ్ళీ చల్లారాక, ఈసారి న్యాయంగా ఫోర్‌వీల్ వేసి, ఎర్రమట్టి బాటలో నెమ్మదిగా ఆమె వాకిట్లోకి తీసుకెళ్ళాను. గుడారం అక్కడే వేశాను. చుట్టూ పిల్లలు. ఎంతమంది సంతానం, కోడలు మంచిదేనా, మీ ఆయన ఎట్ల పంపిండు, అన్నీ అడిగింది. మనసులో విసుక్కున్నాను కూడా. నేను వచ్చింది ఎందుకు, జరుగుతున్నది ఏమిటి? అయితే ఆమె వేడివేడిగా జొన్నరొట్టె, మిరం నూరిన పచ్చడి తెచ్చి పెట్టింది. ఆలోచిస్తే, నా వంట కానిది, నేను వడ్డించనిది, అడగకుండా ఒకరు నాకు పెట్టి పక్కన కూర్చున్నది ఎన్నేళ్ళకో! తిన్నాక ఆమె లేచి, "ఇగ పండు. కుక్క నీ తాననే ఉంటది" అని పిల్లలందర్నీ తోలుకుని పోయింది.

అలా దొరికింది నా రాత్రి. చలికి దుప్పటి చుట్టుకుని జీపు బానెట్‌కు ఆనుకుని కూర్చున్నాను. ఆకాశం నిండా చుక్కలు. ఎక్కడో నక్క కూసింది, కుక్క ఒక చెవి లేపి మళ్ళీ పడుకుంది. నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్ళకు కాఫీలు ఇవ్వడంలో, దినాలకు వంటలు చేయించడంలో నాకు ఏడవడానికి తీరికే దొరకలేదు. అక్కడ దొరికింది.

తెల్లవారాక ఆమె మనవడు గుట్టెక్కి ఫోను చేస్తే దేవరకొండ నుంచి మెకానిక్కు బైకు మీద వచ్చాడు. పాతికేళ్ళ కుర్రాడు. రేడియేటర్ కింది బిరడా విప్పితే కారింది నీళ్ళు కాదు, తుప్పు బురద. దానిలో తెల్లటి పొలుసులు. "అక్కా, ఇండ్ల బోరు నీళ్ళు పోసిర్రా?" అన్నాడు. పోశానండీ. బయల్దేరే ముందు నా చేతులతో నేనే, మా పెరటి బోరు నీళ్ళు. అంతకు ముందు నాన్న కూడా అవే పోసి ఉంటారు.

మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున, గీజరు లోపల సున్నంలా పేరుకునే పొర చూశారుగా? కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు అవి. రేడియేటర్‌లో గొట్టాలు సన్నవి, పొర పేరుకుంటే పూడిపోతాయి. నీళ్ళు నిండా ఉన్నా తిరగవు. పైగా మా జీపుకు ఫ్యాన్‌బెల్టు కూడా పగుళ్ళిచ్చి వదులైంది. ఆ బెల్టే నీళ్ళ పంపునూ, ఫ్యానునూ తిప్పేది. బయల్దేరే ముందు టైర్లు చూశాను, డీజిలు చూశాను, ఊరగాయ సీసా మూత రెండుసార్లు చూశాను. ఆ బెల్టు చూడలేదు!

ఆ వైపు బోరు నీళ్ళంటే అందరికీ ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడు. అది వేరు, ఈ పొర వేరు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడున్న నీళ్ళు ఏళ్ళతరబడి తాగితే పళ్ళూ ఎముకలూ పాడవుతాయి. పటిక, సున్నం కలిపి ఆ నీటిని శుభ్రం చేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలో రూపొందించారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఒక జిల్లా కష్టం పేరుతో ప్రపంచానికి తెలిసిన విద్య అది. తాండాలో అక్క నాకిచ్చింది మాత్రం 2016లో మొదలైన మిషన్ భగీరథ నల్లా నీళ్ళు. వెళ్ళేటప్పుడు నా క్యాను కూడా వాటితోనే నింపింది.

కుర్రాడు రేడియేటర్‌ను మూడుసార్లు కడిగి, కొత్త బెల్టు వేసి, కూలెంటు, డిస్టిల్డ్ వాటరు కలిపి పోశాడు. పెద్ద ఊరికి వెళ్ళాక రాడ్డింగు చేయించమన్నాడు, అంటే గొట్టాల లోపల గీకడం. మొత్తం పదహారు వందలు. పదకొండింటికి సాగర్ నీళ్ళు చూశాను, రెండు గంటలు కూర్చున్నాను, చేపల పులుసుతో అన్నం తిన్నాను, ముల్లు మధ్య గీత దాటకుండా ఇల్లు చేరాను.

మీలో ఎవరికైనా ఇలా వెళ్ళాలని ఉంటే, స్టెప్నీతో పాటు ఒక ఫ్యాన్‌బెల్టు, ఒక రేడియేటర్ గొట్టం, రెండు క్లిప్పులు, అయిదు లీటర్ల డిస్టిల్డ్ వాటరు బండిలో పడేసుకోండి. తాగే నీళ్ళు విడిగా. ఏ దారిన వెళుతున్నదీ, ఎన్నింటికి ఫోను చేసేదీ ఇంట్లో కాగితం మీద రాసిపెట్టండి. సిగ్నలు అందనప్పుడు అదే దిక్కు. పొద్దు గుంకే ముందే ఆగండి, నలుగురున్న చోట. నవ్వుకోకండి, 2018లో హైదరాబాదు జై భారతి గారు, ఇంకో ముగ్గురు స్త్రీలు మోటారు సైకిళ్ళ మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టారు. మనం దేవరకొండ దాకా వెళ్ళలేమా?

జీపు ఇప్పుడు మా వాకిట్లోనే ఉంది. పదిహేనేళ్ళు దాటిన బండి కనుక ఆర్‌సీ గడువు, గ్రీన్ టాక్సు చూసుకోవాలి. తుక్కు బేరగాణ్ణి పంపించెయ్యమని తమ్ముడికి చెప్పాను. డిస్టిల్డ్ వాటరు డబ్బా వంటింట్లో ఫిల్టరు పక్కన పెట్టాను. మొన్న మావారు దానితో టీ పెట్టి, "ఇవాళ టీ చప్పగా ఉందేమిటి?" అంటున్నారు.