పెరట్లో ఏ పండ్ల చెట్టు పెట్టాలి?

పోయిన ఎపిసోడ్ చూసి చాలామంది అడిగారు, "హ్యూస్టన్ పెరట్లో మామిడి వస్తుందా?" అని. వస్తుందండీ, గట్టి చలి పడేదాకా! 2021 ఫిబ్రవరిలో మంచు కురిసినప్పుడు మా మొక్క పోయింది. వేసవిలో మొదట్లో చిగుళ్లొస్తే ఎంత సంబరపడ్డానో. తీరా చూస్తే అవి అంటు కట్టిన చోటుకి కిందనుంచి వచ్చినవి. అంటే వేరు బతికింది గానీ, నేను కోరి తెచ్చుకున్న పండు పోయింది.

అప్పట్నుంచీ కొనేముందు ఒకటే చూస్తాను: నేలదాకా ఎండినా మళ్లీ అదే చెట్టు లేస్తుందా? కొమ్మ నాటి పెంచిన అంజీర, దానిమ్మ అయితే లేస్తాయి, వేరూ కొమ్మా ఒకటే కదా. ఆరేడు అడుగుల్లో కత్తిరించుకోవచ్చు కూడా. జామ అయితే గాలి అంటుదే అడగండి.

మన పచ్చడి నిమ్మ చలికి ఆగదు. సత్సుమా నారింజ చాలావరకు ఆగుతుంది. అయినా చలికాలం ముందు అంటు ముడి మునిగేలా మట్టి ఎగదోసి, మార్చిలో తీసేయండి. మర్చిపోతే మొదలు కుళ్లుతుంది.

మామిడి మీద ఆశ చావకపోతే కుండీలో పెట్టండి. మాది చక్రాల బల్ల మీద ఉంది, చలి రాత్రి గరాజ్‌లోకి తోసేస్తాం. మా అమ్మ దానికి దుప్పటి కూడా కప్పుతుంది.