సమాజాన్ని కదిలించే వైరుధ్యాలు: గతితర్కం చూపే దారి

సమాజం ఎందుకు మారుతుంది? మార్పు ఎప్పుడూ బయటి నుంచే రానక్కరలేదని, ఒకే వ్యవస్థలో కలిసి ఉంటూ పరస్పరం ఘర్షించే శక్తులే దానిని కదిలిస్తాయని గతితర్కం చెబుతుంది. జర్మన్ తత్త్వవేత్త హెగెల్ భావాల వికాసానికి వర్తింపజేసిన ఈ ఆలోచనను కార్ల్ మార్క్స్ ఉత్పత్తి సంబంధాలకు, వర్గాలకు వర్తింపజేశారు. ఆ విధంగా అది సమాజశాస్త్రంలో ఒక ముఖ్యమైన పరిశీలనా పద్ధతిగా స్థిరపడింది.

భారతీయ సమాజశాస్త్రంలో ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ, జాతీయవాదపు సామాజిక నేపథ్యంపై ఎ.ఆర్. దేశాయ్ 1948లో వెలువరించిన గ్రంథం. వలస పాలనే తనను ఎదిరించే శక్తులకు జన్మనిచ్చిన తీరును ఈ దృష్టి వెల్లడిస్తుంది. 1853లో బొంబాయి, ఠాణాల మధ్య తొలి ప్రయాణికుల రైలు నడిచింది. ముడిసరుకును రేవులకు, సైన్యాన్ని అవసరమైన చోటికి చేర్చడం రైలు మార్గాల విస్తరణలో పాలకుల ప్రయోజనం. ఆ మార్గాలే దూరప్రాంతాల ప్రజలను, పత్రికలను, జాతీయోద్యమ నాయకులను ఒకచోటికి చేర్చాయి. పాలనా యంత్రాంగానికి ఉద్యోగులను అందించిన ఇంగ్లీషు చదువే స్వేచ్ఛా సమానత్వ భావాలనూ పరిచయం చేసింది. వలస పాలన మేలు చేసిందా, కీడు చేసిందా అన్న ప్రశ్న వద్దే ఆగిపోతే ఈ పరిణామం బోధపడదు.

వైరుధ్యాన్ని గుర్తించే చూపు మార్క్స్‌వాదులకే పరిమితం కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ప్రసంగించిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత పక్కపక్కనే ఉండబోతున్నాయని గుర్తుచేశారు. ఈ వైరుధ్యాన్ని త్వరగా తొలగించకపోతే ప్రజాస్వామ్య సౌధానికే ముప్పు తప్పదని హెచ్చరించారు. 1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలను మహిళలకు కేటాయించింది. పదవి మహిళకు దక్కినా నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న అంబేడ్కర్ చెప్పిన వైరుధ్యానికి కొనసాగింపే. అయితే ఆ పదవే పాత కట్టుబాట్లను ప్రశ్నించే అవకాశాన్నీ కల్పిస్తుంది.

గతితర్కానికీ పరిమితులున్నాయి. ప్రతి ఘర్షణా ప్రగతికే దారితీస్తుందన్న హామీ లేదు. వాదం, ప్రతివాదం, సంవాదం అనే మూస ముందే సిద్ధం చేసుకుని వాస్తవాలను అందులో ఇమిడ్చితే అది శాస్త్రం అనిపించుకోదు. ఏ శక్తులు ఘర్షిస్తున్నాయి, ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది ఆధారాలతో నిరూపించాలి. ప్రశాంతంగా కనిపించే వ్యవస్థలోనూ దాగిన అసమానతను వెతకమని పరిశోధకులకు గుర్తుచేయడంలోనే ఈ పద్ధతి విలువ ఉంది.